స్త్రీల వ్యసనములు – వచ్చిపోవు చికిత్స



మన తెలుగునాట స్త్రీని, మద్యమును కలిపి తలచుకొన్నప్పుడు ఎవరికైనను ముందుగా స్ఫురించునది నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామము. పగలంతయు పొలములలో కూలిచేసి, రాత్రివేళ అక్షరదీపము బడికి వచ్చి, వాచకములోని సీతమ్మ కథను కూడబలుకుకొని చదివిన ఆడువారు, వర్ధినేని రోశమ్మ ముందు నడువగా, తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ యలజడి ఊరూరికిని ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అంతటను సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. 1997లో ఆ నిషేధము సడలినను, ఆ యుద్యమము మన మనస్సులలో ముద్రించిన చిత్రము మాత్రము చెరగలేదు: త్రాగువాడు పురుషుడు, పుస్తెలు తాకట్టు పెట్టి బిడ్డలను సాకునది స్త్రీ. ఆ చిత్రములో అసత్యమేమియు లేదు. కాని అందులో చోటు దొరకని స్త్రీ యొకతె కలదు. ఆమె తానే త్రాగుడునకో, మత్తుమందునకో, నిద్రమాత్రకో లోబడి, విడువవలెనని కోరియు విడువజాలక, ఎవరితో చెప్పుకొనవలెనో యెఱుగక మిన్నకున్నది. ఆమె చికిత్సను గూర్చియు, ఆ చికిత్సకగు వ్యయము ఎట్లు సమకూరుననుటను గూర్చియు ఈ పూట నాలుగు మాటలు విన్నవించుకొందును.

ఇట్టి స్త్రీలు మనలో లేరని యనుకొనుటకు వీలు లేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 ఏండ్లు నిండినవారిలో మద్యము పుచ్చుకొనువారు తెలంగాణలో పురుషులు నూటికి 43.3, స్త్రీలు నూటికి 6.7, ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు నూటికి 23.3, స్త్రీలు నూటికి 0.5. పుచ్చుకొన్నవారందఱును వ్యసనపీడితులు కారు. అయినను వేయిమంది స్త్రీలలో 67 మంది త్రాగు చోట, విడువలేని స్థితికి చేరినవారు ఊరికి కొందఱైనను ఉందురు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు 2019లో వెలువరించిన దేశవ్యాప్త నివేదికలో, మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో యొక విధమైన చికిత్స అందినదనియు, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరే యనియు తేలినది. ఇది స్త్రీపురుషులను కలిపి చెప్పిన లెక్క. ఆ యొక్కరిలో స్త్రీల వంతు ఎంతయుండునో, వ్యసన చికిత్సా కేంద్రముల గడప తొక్కి చూచినవారెల్లరును గ్రహింపగలరు.

తెలంగాణమున ఈ విషయములో ఒక సూక్ష్మము కలదు. అచ్చట కల్లు త్రాగుట స్త్రీకి దోషమని పెద్దలెవ్వరును ఎంచలేదు. పండుగకు, పెండ్లికి, బోనములకు, నాట్లు ముగిసిన సాయంకాలమునకు ఈతకల్లో తాటికల్లో ఇంటిల్లిపాదియు పుచ్చుకొనుట తరతరముల ఆచారము. కనుక సిగ్గు త్రాగుటయందు లేదు, విడువలేకపోవుటయందున్నది. "అందరం తాగుతలేమా, నీకొక్కదానికే ఏమొచ్చింది?" అను ఒక్క ప్రశ్న ఆమె నోరు మూయించును. ఈ సంగతి తెలియని వైద్యుడు ఆమెను పాపాత్మురాలినివలె మందలించి, ఆమె రెండవమాఱు రాకుండ తానే చేసికొనును.

పూర్వపు కల్లు వేఱు, నేడు పెక్కుచోట్ల అమ్ము కల్లు వేఱు. చెట్లు తఱిగి గిరాకి పెరిగినకొలది, నీటిలో తీపిని కలిపి, మత్తు కొఱకు క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, అల్ప్రజోలాము అను మందులను చేర్చుచున్నారను సంగతి ఎక్సైజు శాఖవారి దాడులలో పదే పదే బయటపడినది. అట్టి కల్లు త్రాగు స్త్రీ తాను కల్లునకే అలవాటు పడితిననుకొనును. ఆమె దేహము అలవాటు పడినది మాత్రము మానసిక వైద్యుడు ఆచితూచి వ్రాసియిచ్చు మాత్రకు. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీ కల్లును ఒక్కసారిగా అరికట్టినప్పుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో ఎందఱో స్త్రీపురుషులు చేతులు వణకి, నిద్ర తప్పి, మూర్ఛలు వచ్చి, పొంతన లేని మాటలాడుచు ఆసుపత్రులకు వచ్చి పడిరి. కల్తీని అరికట్టుట తప్పు కాదు. అరికట్టుటకు ముందుగా చికిత్సకు తగిన యేర్పాటు చేయకపోవుట తప్పు. ఇట్టి మందులను ఒక్కనాడు ఆపివేయరాదు. దిగుడుబావి మెట్లు దిగినట్లు, ఒక మెట్టుపై కాలు నిలిచిన పిమ్మటనే మఱియొక మెట్టు దిగుచు, వారముల తరబడి వైద్యుని కనుసన్నలలో మోతాదును తగ్గించుకొనవలెను.

నేను వైద్యము చేసిన స్త్రీలలో బీడీలు చుట్టి బ్రదుకు నామె యొకతె నాకు తఱచు జ్ఞప్తికి వచ్చుచుండును. బీడీ పని అంతయు వ్రేళ్ల కొసలలో నున్నది. తడిపిన తునికాకును కత్తెరతో సమముగా కత్తిరించి, చిటికెడు తంబాకు పఱచి, చుట్టి, కొన మడిచి, సన్నని దారముతో ముడి వేయవలెను. ముడి వదులైనచో కార్ఖానాలో ఆ బీడీని పక్కకు నెట్టుదురు, దానికి కూలి లేదు. ఈమెకు తెల్లవారునప్పటికి చేతులు వణకుచుండెను. దారము పట్టు నిలువదు. కల్లు గొంతు దిగిన పిమ్మటనే వ్రేళ్లు కుదుటపడును. అందుచేత పని చేయుటకే త్రాగవలసి వచ్చెను. త్రాగుటకు ఆ పని కూలియే ఖర్చగుచుండెను. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉండుమని చెప్పగా, చాటలో మిగిలిన ఆకును గుర్తు చేసికొన్నదో యేమో, లేచి నిలిచి ఆమె యన్న మాట యిది: "అమ్మా, నేనీడ పండుకుంటె పోరలకు బువ్వెవలు పెడ్తరు? రోజు రమ్మంటె వస్త గని, ఉండుమంటె ఉండలేను."

స్త్రీల వ్యసన చికిత్సను గూర్చి నేను చెప్పదలచిన దంతయు ఆ మాటలోనే యున్నది. ఆమె చికిత్స వలదనలేదు. ఉండుట మాత్రమే వీలుకాదన్నది. పురుషుడు నెలరోజులు కేంద్రములో చేరినచో ఇల్లాలు ఇంటిని నిలుపును, వచ్చి చూచిపోవును, బయలుదేరునాడు ఎదురు వచ్చును. ఇల్లాలు చేరినచో ఇంటిని నిలుపువారెవరు? "మీ అమ్మ ఎక్కడికి పోయింది?" అని బిడ్డలనడిగినప్పుడు వారేమి చెప్పుదురు? వ్యసన చికిత్స ఈ దేశములో వేళ్లూనిన తీరు గూడ దీనికి కొంత కారణము. చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ గారు, అంతకు ముందటి యేడు మద్యవ్యసనమునకు భర్తను కోల్పోయిన దుఃఖమును దిగమ్రింగుకొని, టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను స్థాపించి, రోగితో పాటు కుటుంబమునకును వైద్యము అవసరమని చాటిరి. ఆమెకు చేతులెత్తి మ్రొక్కవలెను. అయితే దేశములోని తక్కిన కేంద్రములు పెక్కు ఆ బాటలో నడచుచు, స్త్రీని రోగి మంచము ప్రక్కన కూర్చుండబెట్టినవే గాని, ఆమెయే రోగియైనచో ఆమెకు మంచము ఎచ్చట వేయవలెనో తగినంతగా ఆలోచింపలేదు. మంచము వేయుట యటుంచి, ఆమెకు నిజముగా పనికివచ్చునది ఉదయము వచ్చి మధ్యాహ్నమునకు ఇల్లు చేరు ఓ.పి. చికిత్స.

దీనిని తక్కువ రకపు చికిత్సయని తలచువారు కలరు. అది పొరపాటు. మానినప్పుడు ఇదివఱకు మూర్ఛలు వచ్చినవారిని, మతిభ్రమ కలిగినవారిని, గర్భవతులను, కాలేయము చెడినవారిని, ప్రాణము తీసికొనవలెనను తలంపు గలవారిని మాత్రము ముందు కొన్నిదినములు ఆసుపత్రిలో చేర్చుకొనుట క్షేమము. తక్కిన వారిలో ఎక్కువమందికి వచ్చిపోవు చికిత్సయే చాలును. మొదటి వారము ప్రతిదినమో, దినము విడిచి దినమో రావలెను. వైద్యుడో, నర్సో నాడిని, రక్తపోటును, చేతుల వణుకును, చెమటను చూచి, క్లోర్‌డయజిపాక్సైడు వంటి మందును నాటినాటికి తగ్గించుచు, థయమిను అను విటమినును తప్పక ఇత్తురు. తరువాత వారమునకొక తూరి, ఆపై నెలకొక తూరి. ఈ రెండవ దశయే అసలైన చికిత్స. కోరికను అణచు నాల్ట్రెక్సోను, అకాంప్రోసేటు వంటి మందులు ఈ దశలోనివే. మద్యము తాకినచో కడుపు త్రిప్పునట్లు చేయు డైసల్ఫిరాము అను మందు కలదు. దానిని రోగికి తెలియకుండ కూరలో, కాఫీలో కలిపిపెట్టుట మన యిండ్లలో జరుగుచున్న ఘోరము. అది ప్రాణాపాయకరము. "తెలియకుండా మాన్పించెదము" అని గోడలపై వ్రాయించు ప్రకటనలను నమ్మి ఏ తల్లియు, ఏ భార్యయు, ఏ భర్తయు ఆ పని చేయవలదు.

మందులకు తోడు మాట అవసరము. త్రాగు స్త్రీలలో పెక్కుమంది వెనుక దిగులు కలదు, దెబ్బలు కలవు, బిడ్డ పోయిన దుఃఖము కలదు. ఆ మాటలు బయటపడుటకు ఒక్కనాడు చాలదు, అయిదాఱు తూరులు అదే ముఖము ఎదుట కూర్చుండవలెను. దేహధర్మము వలన గూడ స్త్రీకి ఆలస్యము తగదు: ఆమె శరీరములో నీటి పాలు తక్కువ, మద్యమును విఱిచివేయు రసము జీర్ణకోశములో తక్కువ, కనుక పురుషునితో సమానముగా త్రాగినను ఆమె రక్తములో మద్యము హెచ్చుగా నిలుచును, మొదటి గుటక నుండి కాలేయము చెడువఱకు పట్టు కాలము కుఱుచయగును.

మద్యము మాటయే ఇంతసేపు చెప్పితిని. ఉత్తరాంధ్ర తీరములో చుట్ట నిప్పు కొనను నోటిలో నుంచుకొని అడ్డపొగ పీల్చు ముసలమ్మలు, అంగిట పుండు పడి క్యాన్సరుగా మాఱిన పిమ్మట గాని వైద్యుని యొద్దకు రారు. పట్టణములలో చదువుకొన్న గృహిణి, ఎప్పుడో వ్రాసియిచ్చిన నిద్రమాత్రల చీటీని ఏండ్ల తరబడి మందుల దుకాణములో చూపుచు, తాను వ్యసనపీడితనని యెఱుగదు. వీరికిని కావలసినది ఈ చికిత్సయే.

ఇక ఖర్చు సంగతి. వైద్యుని రుసుము, మందుల ధర అని మనము లెక్క వ్రాయుదుము. స్త్రీ లెక్క వేఱు. ఆమె ఓ.పి.కి వచ్చిననాడు కూలి పోవును. బస్సు ఛార్జీ కావలెను. పాలు త్రాగు బిడ్డనైన వెంట తెచ్చుకొనవలెను, లేదా పొరుగింటి వారిని బ్రతిమాలవలెను. ఆసుపత్రి ఉచితమే యైనను, ఈ మూడును ఉచితములు కావు. మొదటి వారము నాలుగు దినములు రమ్మనిన వైద్యుడు, నాలుగు దినముల కూలిని అడిగినట్లే. ఆమె రెండవనాడు రాకపోయినచో, పట్టుదల లేదని ఆడిపోసికొందుము. ఆమెకు లేనిది పట్టుదల కాదు, నాలుగు దినముల కూలి.

అయినను దారులు లేకపోలేదు. ఒక్కొక్కటిగా చెప్పెదను, కాగితము దగ్గఱనుంచుకొనుడు. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోని మానసిక వైద్యశాల, విశాఖపట్టణము చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓ.పి. చూచుచున్నవి, ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగములును చూచును. కేంద్ర ప్రభుత్వము కొన్ని ప్రభుత్వాసుపత్రులలో వ్యసన చికిత్సా కేంద్రములను నెలకొల్పి మందులను ఉచితముగా ఇప్పించుచున్నది. మీ యూరికి దగ్గఱలో ఏది యున్నదో తెలిసికొనుటకు 14446 అను నంబరునకు ఫోను చేయవచ్చును, ఛార్జీ లేదు. దిగులు, భయము హెచ్చిన రాత్రి 14416 అను టెలి మానస్ నంబరు కలదు, అది 2022 అక్టోబరు 10 నుండి రేయింబవళ్లు పలుకుచున్నది, తెలుగులో మాటలాడుదురు. పొగాకు మానదలచినవారికి 1800-11-2356.

బస్సు ఖర్చు గూర్చి ఒక మాట. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలోను, 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లోను ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. ఈ పథకములను గూర్చి వాదోపవాదములు ఎన్నియైన నుండవచ్చును. వ్యసన చికిత్సకు మాత్రము ఇవి చేసిన మేలు ఏ వైద్యశాఖయు చేయలేదని నా నమ్మకము. వారమునకు మూడుమాఱులు జిల్లా కేంద్రమునకు పోయి వచ్చుట కూలి స్త్రీకి నేడు సాధ్యమైనది. ఆధార్ కార్డు చూపిన చాలును. ఎందుకు పోవుచున్నదో కండక్టరు అడుగడు, ఇంటిలో చిల్లర అడుగవలసిన పని లేదు.

బీడీ కార్మికురాండ్రకు మఱియొక దారి యున్నది. 1976 నాటి బీడీ కార్మిక సంక్షేమ నిధి చట్టమువలన, గుర్తింపు కార్డు గలవారికి కార్మిక సంక్షేమ సంస్థ డిస్పెన్సరీలు పనిచేయుచున్నవి. అచ్చటి వైద్యుడు వ్యసన నిపుణుడు కాకపోవచ్చును; కాని పెద్దాసుపత్రికి చీటీ వ్రాసి పంపుటకు, నడుమ రక్తపోటు చూచుటకు అంతకంటె దగ్గఱి తావు లేదు. ఫ్యాక్టరీలలో, కుట్టు కేంద్రములలో, దుకాణములలో నెలకు 21,000 రూపాయల లోపు జీతమునకు పనిచేయు స్త్రీలకు ఈ.ఎస్.ఐ. కలదు. జీతములో నూటికి 0.75 వంతు కోత పడుచున్నదని తెలిసిన స్త్రీలకును, ఆ కోతకు ప్రతిగా డిస్పెన్సరీలో ఓ.పి. వైద్యము, మందులు తమకును తమ కుటుంబమునకును రావలసియున్నవని తెలియదు. బీమాలన్నిటిలో మంచమెక్కకుండగనే వైద్యమునకు చెల్లించునది ప్రధానముగా ఇదియొక్కటే. దానిని విడిచిపెట్టుకొనవలదు.

పల్లెలలో పొదుపు సంఘములున్నవి. సంఘము సొమ్మునుండి అప్పు తీసికొని పెండ్లి చేసిరి, గేదెను కొనిరి, కడుపు ఆపరేషను చేయించిరి. వ్యసన చికిత్సకు అడిగినవారిని నేను చూడలేదు. పదుగురు కూర్చున్న చోట ఆ మాట అనుట కష్టమే. తీర్మానపు పుస్తకములో "వైద్య ఖర్చు" అని వ్రాసిన చాలును. ఏ వైద్యమో వ్రాయుమని యెవ్వరును పట్టుబట్టరాదు. సంఘ నాయకురాలు ఈ విషయములో ఒక్క స్త్రీకి అండగా నిలిచినచో, రెండవ స్త్రీ తనంత తానే వచ్చును.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ పథకములను గూర్చి శ్రోతలు అడుగుదురు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరునుండి 10 లక్షల రూపాయలైనది; 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ కుటుంబమునకు ఏడాదికి 5 లక్షలు ఇచ్చుచున్నది. గుండెకు, మూత్రపిండములకు శస్త్రచికిత్సలు చేయించి ఎన్ని కుటుంబములను ఈ పథకములు నిలిపినవో చెప్పనలవి కాదు. కాని ఇవి ఆసుపత్రిలో చేరినవారికి ఏర్పడినవి. చేరలేనిదానికి, వచ్చిపోవుదానికి ఇందులో వాటా లేదు. అనగా చేరుటకు వీలైన పురుషునికి సొమ్ము దొరకవచ్చును, వీలుకాని స్త్రీకి దొరకదు. ఎవ్వరును దీనిని కోరి చేయలేదు. అయినను ఫలితము మాత్రము ఇట్లున్నది, దీనిని సవరింపవలసియున్నది.

ప్రైవేటు బీమా సంగతి ఇంకను చిక్కు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మద్యమువలన, మాదకద్రవ్యములవలన కలుగు మానసిక స్థితులను సైతము మానసిక వ్యాధి నిర్వచనములో చేర్చినది. శారీరక వ్యాధులతో సమానముగా మానసిక వ్యాధులకును బీమా ఉండవలెనని 21వ సెక్షనులో శాసించినది. 2018 ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు ఆ మేరకు ఉత్తరువు పంపినది. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని పాలసీ కాగితములను తిరుగవేసి తొలగింపుల పట్టికను చదివినచో, మద్యవ్యసనమునకు, మాదకద్రవ్య వ్యసనమునకు, తత్ఫలితములకు చేయు చికిత్సకు చెల్లింపబోమను వాక్యము పెక్కు పాలసీలలో కనబడును. చట్టము ఒక చేత ఇచ్చినదానిని కాగితము మఱియొక చేత లాగికొనుచున్నది. అమెరికాలో 2008లో చేసిన సమానత్వ చట్టము, 2010 నాటి ఆరోగ్య చట్టము వ్యసన చికిత్సను పేరుపెట్టి చేర్చి, ఓ.పి. చికిత్సకును వర్తింపజేసినవి, అచ్చటి మన తెలుగు కుటుంబముల స్త్రీలు ఆ హక్కును ఉపయోగించుకొనవలెను. ఇచ్చటివారు, క్లెయిము త్రోసివేసినప్పుడు ఊరకుండక, ముందు కంపెనీకి వ్రాతమూలముగా తెలిపి, అటుపిమ్మట హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవలెను. దానికి రుసుము లేదు, వకీలు అక్కఱలేదు.

నా మనవి యొకటి కలదు. క్షయరోగికి చికిత్స సాగినంతకాలము పౌష్టికాహారము కొఱకు ప్రభుత్వము 2018 ఏప్రిలు నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో వేయుచున్నది. చికిత్స నడుమ మానివేయకుండుటకు ఆ సొమ్ము ఒక ఊతమగుచున్నది. వ్యసన చికిత్సకు వచ్చు పేద స్త్రీకి, మొదటి మూడు నెలలు, వచ్చిన దినమునకు ఆ దినపు కూలిని అదే విధముగా ఖాతాలో వేసినచో ఖజానా కూలిపోదు. ప్రతి యేడును మద్యముపై ఎక్సైజు ఆదాయము రాష్ట్ర బడ్జెట్లలో పెద్ద పద్దుగా నిలుచుచున్నదను సంగతి అందఱెఱిగినదే. ఆ ఆదాయములో కొంత, ఆ మద్యముచేతనే నలిగిన స్త్రీ కొంగున పడుట న్యాయము. ఓ.పి.కి ఆనుకొని బిడ్డలు కూర్చుండుటకు ఒక గది, వారమునకొక సాయంకాలము పని ముగించుకొని వచ్చువారికి ఓ.పి.: ఈ రెండును చేయుటకు కొత్త భవనములు గూడ అక్కఱలేదు.

భయములు కొన్ని తీర్చవలసియున్నవి. మీ చికిత్స సంగతిని రహస్యముగా ఉంచవలెనని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 23వ సెక్షను వైద్యులను, ఆసుపత్రులను కట్టుబఱచుచున్నది. చేరవలసివచ్చినను, మూడేండ్లలోపు బిడ్డను తల్లినుండి సాధారణముగా వేఱుచేయరాదని అదే చట్టము చెప్పుచున్నది. మాదకద్రవ్యముల అలవాటు గలవారు, స్వల్ప పరిమాణమునకు లేక వాడకమునకు సంబంధించిన కేసులోనున్నను, తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు గల చోట చికిత్సకు వచ్చి పూర్తిచేసికొన్నచో, ప్రాసిక్యూషను నుండి రక్షణ పొందుటకు మాదకద్రవ్య నిరోధక చట్టములోని 64ఏ సెక్షను వీలు కల్పించినది. మేజరు అయి తన మంచిచెడ్డలు గ్రహింపగల స్త్రీ తన చికిత్సకు తానే సమ్మతి నీయవచ్చును. భర్త సంతకము అక్కఱలేదు, అత్తగారి అనుమతి అక్కఱలేదు.

మొదటిసారి వచ్చునప్పుడు ఆధార్ కార్డు, ఉన్నచో ఈ.ఎస్.ఐ. లేదా బీడీ గుర్తింపు కార్డు, పాత మందుల చీటీలు, మాత్రల ఖాళీ అట్టలు వెంట తెచ్చుకొనుడు. పోవుటకు ముందురోజు, డాక్టరు ఎదుట మంచిపేరు కొఱకని, త్రాగుడునుగాని మాత్రలనుగాని హఠాత్తుగ మానివేయవలదు; ఎంత పుచ్చుకొనుచున్నారో అంతయు దాపఱికము లేక చెప్పుడు, మందు మోతాదు ఆ మాటమీదనే ఆధారపడును. వెంట ఎవరైన వచ్చిన మంచిదే, ఎవరును లేకున్నను రండు. మొదటిరోజు పరీక్షలకు మధ్యాహ్నము దాటవచ్చును గనుక, బిడ్డలకు అన్నము వండిపెట్టి, బడినుండి వచ్చినప్పుడు చూచుకొమ్మని పొరుగింటివారితో ఒక మాట చెప్పి బయలుదేరుడు.